ఒంటి గరిజె

ఆదిలాబాద్,
శ్రావణ శుక్రవారం

చెప్పకుండా బస్సెక్కిన మా అన్న సిద్దిరాములుకు,

చెల్లె వినోద దండం పెట్టి రాస్తున్నది. మేమంతా బాగున్నాం. మీరూ బాగున్నారని వదినె ఫోన్లో చెప్పింది. ఫోన్లో అన్నీ వదినే చెబుతుంది. నేను ఎప్పుడు చేసినా "మీ అన్న గిప్పుడే బయటికి పోయిండు పిల్లా" అంటుంది. రెండు నెలల నుంచి బయటికి పోతూనే ఉన్నావు, ఈపాటికి కాశీ చేరి ఉండాలి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మనిషి బయట ఉన్నా ఉత్తరం ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తుంది.

పెన్ను పట్టగానే చేతికి బడి తెలుగు వచ్చేస్తున్నది, చూశావా? "మాట్లాడేది ఇంట్ల, రాసేది బడిల" అని అంతయ్య సారు మనిద్దరికీ బెత్తం చూపించేవారు. సారు పోయి ఎన్నేళ్లయిందో, ఆ భయం మాత్రం పోలేదు.

సంగతికి వస్తాను. భవ్యశ్రీ పెండ్లి మాఘమాసంలో ఖాయమైంది. నిశ్చితార్థం నాడు నువ్వు నడుమనే లేచి, అన్నం ముట్టకుండా వెళ్లిపోయావు. వియ్యపురాలు నీ పళ్లెంలో గరిజెలు వేసి "కరంజీ ఘ్యా", అంటే కరంజి తీసుకోండి అన్నదని, ఆ మాటకే నీకు కోపం వచ్చిందని వదినె అంటున్నది. వాళ్లు మరాఠీ మాట్లాడేవాళ్లు అన్నా. గరిజెను వాళ్లు కరంజి అనే అంటారు. అందులో తప్పేముంది?

వాళ్ల పద్ధతిలో కూడా పెండ్లికూతురిని మేనమామే చేయి పట్టుకుని మండపానికి నడిపించుకొస్తాడట. నా బిడ్డకు ఉన్నది నువ్వొక్కడివే మేనమామవు. అది నిన్న నాతో ఏమన్నదో తెలుసా? "మామ రాకుంటే నేనొక్కదాన్నే నడిచి పోత. ఇంకెవ్వల చెయ్యి పట్టుకోను" అన్నది. దానిది నీ మొండితనమే. వాళ్ల నాన్నకు అంత పట్టుదల ఎక్కడిది?

కవరులో రాఖీ పెట్టాను. అలిగిన చేతికైనా కట్టుకోవచ్చు.

నీ చెల్లె,
వినోద

•

వేములవాడ,
రాఖీ పున్నమి మరునాడు

చిరంజీవి చెల్లె వినోదకు,

అన్న ఆశీర్వదించి రాయునది. రాఖీ, ఉత్తరం అందాయి. రాఖీ ఎవరు కట్టాలని ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. మీ వదినె ఐలవ్వ కట్టబోయి నాలుక కరుచుకున్నది. చివరికి పరశురాములు కట్టాడు. కొడుకు చేత రాఖీ కట్టించుకున్న తండ్రి ఈ వేములవాడలో నేనొక్కడినే అయి ఉంటాను.

నేను అలగలేదు. అలిగినవాడు తిండి మానేస్తాడు. నేను ఆ రోజు నిర్మల్ బస్టాండులో దిగి రెండు ప్లేట్లు ఇడ్లీ తిన్నాను. నాది కోపం కాదు, సిద్ధాంతం. గరిజెను గరిజె అనాలి. అవ్వ అట్లా అన్నది. అవ్వను కన్న అవ్వ కూడా అట్లాగే అన్నది. పూరీ వత్తి, నువ్వుల పొడి, బెల్లం పెట్టి, మడిచి, అంచు మలిచి, నూనెలో వేయించి ఇంత కష్టపడ్డాక దానికి కరంజి అని పేరు పెడతారా? వింటే ఏదో ఊరి పేరులా ఉంది. బస్సు బోర్డు మీద రాసుకోవచ్చు.

నా షరతు ఒకటే. పెండ్లి వంటల పట్టీలో 'గరిజెలు' అని ఉండాలి. అది మీ వియ్యపురాలు తన చేత్తో రాసి, కింద సంతకం పెట్టి పంపాలి. నోటితో చెబితే చెల్లదు. అది వచ్చాక రావాలా వద్దా ఆలోచిస్తాను.

సాంచాలు వదిలేసి ఏడాది దాటింది. ఇప్పుడు గుడి ముందర పరశురాములు కొబ్బరికాయల దుకాణంలో కూర్చుంటున్నాను. బట్ట నేసిన చేతులకు కాయ పీచు తీయడం ఏ పాటి? ఇక్కడ మాట్లాడే పని తక్కువ. కాయ ధర అట్ట మీద రాసి వేలాడదీశాను. వచ్చినవాళ్లు వేళ్లు చూపిస్తారు, నేను అన్ని కాయలు ఇస్తాను. బాగానే ఉంది.

భవ్యశ్రీకి నా ఆశీస్సులు. మొండితనం నాది కాదు, వాళ్ల అమ్మదే అని చెప్పు.

నీ అన్న,
సిద్దిరాములు

•

ఆదిలాబాద్,
వినాయక చవితి వెళ్లిన ఆదివారం

వకీలు సాబ్ సిద్దిరాములు గారికి,

ఈ బిరుదు నేనిచ్చింది కాదు. నీ షరతు చెప్పి సంతకం అడిగితే వియ్యపురాలు కడుపు పట్టుకుని నవ్వి, "తుమ్చా భావూ వకీల్ ఆహే కా?" అన్నది. మీ అన్న వకీలా అని. కాదమ్మా, సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు నడిపేవాడు, దారం తెగితే ఎక్కడ తెగిందో పట్టుకునేదాకా వదలడు అని చెప్పాను.

ఆ సమయానికి పై వాటాలో ఉండే నవీన కూడా వచ్చింది. వాళ్లది గుంటూరు, ఆయన బ్యాంకులో పని చేస్తాడు. పళ్లెం చూసి "అబ్బ, కజ్జికాయలు చేశారా అండీ!" అన్నది. ఇక చూసుకో. నేను గరిజె అంటాను, వియ్యపురాలు కరంజి అంటుంది, నవీన కజ్జికాయ అంటుంది. ఎవరమూ తగ్గలేదు. పేరు తేలకముందే పళ్లెం ఖాళీ అయింది. మీ బావ లచ్చయ్య పక్కన కూర్చుని ఒక్క మాట మాట్లాడకుండా అన్నీ తినేశాడు. "నాకు పేరెందుకు, నమల పండ్లుంటె సాలు" అన్నాడు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. నీ దుకాణం ముందుకు రోజూ ఎన్ని ఊర్లవాళ్లు మొక్కులకు వస్తారు! వంద మందిని అడుగు. పేరు చెప్పకుండా గరిజెను చేతిలో పట్టుకుని చూపించి, దీన్ని మీరేమంటారు అని అడుగు. సగం మంది గరిజె అంటే వియ్యపురాలి సంతకం తెచ్చే పూచీ నాది. అనకపోతే నువ్వు నోరు మూసుకుని పెండ్లికి రావాలి. పందెం కాస్తావా?

చూపించడానికి సరుకు కావాలి కదా, ఆర్టీసీ కార్గోలో ఒక డబ్బా వేస్తున్నాను. నేను, వియ్యపురాలు కలిసి చేశాం. మూత తీసి జాగ్రత్తగా చూడు. ఏం చూడాలో ఇప్పుడు చెప్పను. చూశాక నువ్వే రాయి.

నీ చెల్లె,
వినోద

•

వేములవాడ,
దీపావళి వెళ్లిన సోమవారం

చిరంజీవి చెల్లె వినోదకు,

పందెం కాశాను. నెల దాటింది, ఇంకా నడుస్తున్నది. అందుకే జవాబు ఆలస్యమైంది.

ముందు డబ్బా సంగతి. జాగ్రత్తగా చూడమన్నావు, చూశాను. చెల్లె, నీ చేయి తప్పింది. గరిజెలు అన్నీ సరిగానే ఉన్నాయి గానీ, అడుగున ఒకటి ముద్దలా ఉంది. ముక్కు విరిగి, ఒళ్లంతా ముడతలు. చివరికి మిగిలిన పిండిని, పొడిని పిసికి పిల్లల కోసం వేయించేవాళ్లు చూడు, అట్లాంటిది. దాన్ని చూపిస్తే మన పరువు పోతుందని, ఎవరో మొక్కుకు తెచ్చిన కోడె ఒకటి దుకాణం ముందర నిలబడి ఉంటే ఐలవ్వ దానికి పెట్టింది. కోడె సంతోషంగా తిన్నది.

ఇక పందెం. ఉత్త మాటను నేను నమ్మను. రేపు నువ్వు కాదంటావు. అందుకని ఒక నోటుబుక్కు పెట్టి, ఎవరి జవాబు వాళ్ల చేతనే రాయిస్తున్నాను. పైన నా ప్రశ్న రాసి ఉంటుంది. గరిజె చూపిస్తాను, పెన్ను చేతికిస్తాను, వాళ్లు రాస్తారు. చదవరాని లిపి అయితే పరశురాములు ఫోన్ పెట్టి చదివి, కింద తెలుగులో రాస్తాడు.

నాందేడ్ వాళ్లు మీ వియ్యపురాలి మాటే రాశారు, ఆమెకు చెప్పకు. రాయచూరు నుంచి వచ్చిన పంతులమ్మ కర్జికాయి అని రాసింది. సుల్తానాబాద్ రైసు మిల్లుల్లో పని చేసే బీహారు వాళ్లు ఆరుగురు వచ్చారు. నలుగురు పిడకియా అన్నారు, ఇద్దరు గుజియా అన్నారు. వాళ్లలో వాళ్లకే కొట్లాట. సూరత్ నుంచి వచ్చిన నూలు వ్యాపారి ఘూఘ్రా అన్నాడు. మద్రాసు దంపతులు సోమాసి అని రాసి, అందులో ఏం పెడతారో కూడా రాశారు. జనగామ ఆయన పేరు వదిలేసి, చచ్చిపోయిన వాళ్ల అత్త గురించి పేజీ నిండా రాశాడు. ఆమె చేసినట్లు ఇప్పుడు ఎవరూ చేయరట. నేను కింద మా అవ్వ గురించి రెండు ముక్కలు రాసి చూపించాను. ఆయన చదివి నా భుజం మీద చేయి వేశాడు. ఇద్దరం చెరొక గరిజె తిన్నాం.

చూపించడానికి పెట్టిన సరుకు ఇట్లా అయిపోయింది. ఐలవ్వ మళ్లీ చేసింది. కాయలు కొనేవాళ్ల కంటే రాసేవాళ్లు ఎక్కువయ్యారని పరశురాములు పరేషాన్ అవుతున్నాడు. నాకు మాత్రం పొద్దు తెలియడం లేదు. ఇన్నేళ్లలో ఇంతమందితో ముచ్చట పెట్టిన గుర్తు లేదు.

ఇప్పటికి అరవై నాలుగు మంది రాశారు. అందులో గరిజె పందొమ్మిది. ఆశ వదల్లేదు.

నీ అన్న,
సిద్దిరాములు

వినోదా, నేను మీ వదినెను. పోస్టు డబ్బల వెయ్యమని కవరు నా చేతికిచ్చిండు. అతికియ్యకముందు నాలుగు ముక్కలు రాస్తున్న. నేను రాసిన్నని ఆయనకు చెప్పకు. గరిజె మీద కోపం లేదు, ఏం లేదు. మీ అన్నకు చెవులు మొత్తం పోయినయ్. నలభై ఏండ్లు సాంచాల మోతల నిలవడ్డ మనిషి, ఏమైతది మరి. జర తక్కువ ఇనవడుతదని మీరందరు అనుకుంటున్నరు, అస్సలుకే ఇనవడది. ఫోన్ గందుకే ఎత్తడు. గా నిశ్చితార్థం నాడు మేనమామ లేచి నాలుగు మంచి మాటలు చెప్పాలె అని మైకుల మూడుసార్లు పిలిచిండ్రట. ఈయనకు తెల్వలే. ఎవరో రెక్క పట్టి లేపిండ్రు. ఎందుకు లేపిండ్రో తెల్వక చేతులు జోడిచ్చి నిలవడ్డడు. అందరు నవ్విండ్రట. నేను గప్పుడు వంటల కాడ ఉన్న, నాకు తర్వాత ఎరికైంది. చెవి మిషన్ తెచ్చినం. పెట్టుకుంటె చెవుల మళ్ల సాంచాలే నడుస్తున్నయని తీసి డబ్బల పెట్టిండు. "పెండ్లిల మళ్ల నవ్వులపాలైత. బిడ్డ ఇజ్జత్ పోతది. నేను రాను" అన్నడు. ఇగ నువ్వే ఏమన్న చెయ్యాలె.

•

ఆదిలాబాద్,
కార్తీక పున్నమి

అన్నా,

వదినె రాసిందని నీకు చెప్పకూడదట. సరే, చెప్పడం లేదు. ఆమెను ఏమీ అనకు.

ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడుసార్లు చింపేశాను. వదినెకు తెలియని సంగతి ఒకటుంది. ఆ రోజు వదినె వంటల దగ్గర ఉంది గానీ, నేను నీ ఎదురుగానే ఉన్నాను. నువ్వు లేచి, అందరికీ దండం పెడుతూ నిలబడితే తమాషా చేస్తున్నావనుకున్నాను. చిన్నప్పుడు బడిలో సారు లెక్క అడిగితే చెప్పకుండా ఇట్లాగే దండం పెట్టి నిలబడేవాడివి, క్లాసంతా నవ్వేది. అదే గుర్తొచ్చి నవ్వాను. మొట్టమొదట నవ్వింది నేనే అన్నా. పెండ్లికూతురి తల్లి నవ్విందని మిగతావాళ్లు నవ్వారు.

అప్పుడు నువ్వు నా దిక్కు చూశావు. ఆ చూపుతోనే అది తమాషా కాదని నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా ఇన్ని నెలలు గరిజెలు, కరంజిలు అంటూ రాశాను. నువ్వూ వాటి గురించే రాశావు. తప్పు ఒప్పుకోవడానికి నాకు సిగ్గేసింది. నన్ను మన్నించు.

ఇప్పుడు ఆ ముద్ద సంగతి చెబుతాను. నా చేయి తప్పలేదు. అది మోదకం. దాని ముక్కును కార్గో వాళ్లు విరగ్గొట్టారు. వియ్యపురాలి ఇంట్లో కరంజిని ఎప్పుడూ ఒంటిగా వేయించరు. వంద చేసినా, రెండు చేసినా, మూకుడులో ఒక మోదకం పడాల్సిందే. ఎందుకని అడిగాను. కరంజి చెల్లెలట, మోదకం అన్నట. అన్న తోడు లేకుండా చెల్లెను ఒంటిగా సాగనంపకూడదట. ఆమె ఆ మాట చెబుతుంటే నా చేతిలో పూరీ అట్లాగే ఉండిపోయింది. ఆ మోదకం నేనే మలిచాను. నీకు అర్థం అవుతుందని డబ్బాలో పెట్టి పంపాను. నువ్వేమో నిన్ను తీసుకెళ్లి కోడెకు పెట్టుకున్నావు!

వియ్యపురాలికి నీ చెవుల సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె వెంటనే కాగితం అడిగి తీసుకుని ఏదో రాసింది. ఈ కవరులోనే ఉంది, చూడు. "గరిజె. మోదకం లేకుండా వేయించను" అని వాళ్ల లిపిలో రాసి, కింద సంతకం పెట్టింది. నీ షరతు తీరింది. పందెంతో ఇక పని లేదు.

పెండ్లిలో నిన్నెవరూ మైకులో పిలవరు, ఆ మాట నేను అందరికీ గట్టిగా చెప్పాను. నువ్వు నా బిడ్డ చేయి పట్టుకుని గది నుంచి మండపం దాకా నడవాలి, అంతే. దానికి చెవులు ఎందుకు? ఎవరైనా నీతో మాట్లాడాలంటే నోటుబుక్కు ఉంది కదా. మా దగ్గర అందరికీ రాయడం వచ్చు. మీ బావకు కూడా వచ్చు, కొంచెం గొలుసుకట్టు.

నువ్వు రాకపోతే నేను తట్టుకోలేను అన్నా. ఇందులో తమాషా ఏమీ లేదు.

నీ చెల్లె,
వినోద

•

వేములవాడ,
మాఘమాసం, పెండ్లికి ఐదు రోజుల ముందు

చెల్లె వినోదా,

గీ ఉత్తరం సూస్తే అంతయ్య సారు బెత్తం తీస్తుండె. తియ్యనీ. గీసారి నోటికెట్ల వస్తె గట్లనే రాస్తున్న.

నీ ఉత్తరం అందంగనే జవాబు రాయలే. ఎన్నోసార్లు సదివిన. జేబుల పెట్టుకొని దుకాణంల గూడ సదివిన. నువ్వు నవ్వింది నేను సూసిన చెల్లె. నవ్వు సూడనీకె చెవులు అక్కర లేదు గదా. మిగిలినోళ్లు నవ్వుతె నాకేం కాకపోవు, నువ్వు నవ్వినవని మనసు ముక్కలైంది. గందుకే బస్సెక్కిన. నిర్మల్ల ఇడ్లీ తిన్ననని రాసింది గూడ అబద్ధమే, మంచినీళ్లు తాగి ఇంటికొచ్చిన. ఇప్పుడు నువ్వే ఒప్పుకుంటివి, ఇగ నాకు కోపమేడిది? తమాషా అనుకున్న అన్నవ్ సూడు, గా మాట నిజమే. బడిల నేను గట్లనే చేస్తుంటి.

ఐలవ్వను ఏమనలే. ఆమె రాసిందని నువ్వు చెప్పలేదు గదా, ఎట్ల అంట?

వంద నిండినయ్. నేను ఓడిపోయిన. గరిజె అన్నోళ్లు ముప్పై మూడు మందే. గాని చెల్లె, గీ బుక్కు సూస్తుంటె ఓడిన బాధ రాదు. అందరి కంటె చివరికి ఒక ముసలామె వచ్చింది, ఖానాపూర్ దిక్కు. పెన్నిస్తె రాయరాదని చెయ్యి ఊపింది. ఆమె ఏదో చెప్తుంది, నాకు ఇనవడదని చెవు సూపెట్టిన. ఇద్దరం ఒకల మొఖం ఒకలం సూసుకున్నం. ఆమె పెన్ను తీస్కొని అరచెందమామ లెక్క ఒక గీత గీసి, దాని అంచుకు సన్నగ పండ్లు పెట్టి, నోట్లె వేలు పెట్టుకొని నవ్వింది. ఆమె దాన్ని ఏమంటదో నాకు ఇప్పటికి తెల్వది. కానీ ఆమె చెప్పింది నాకు మొత్తం సమజైంది. వందో పేరు గదే.

మొన్న పరశురాములు మిషన్ మళ్ల చెవుల పెట్టిండు. రోజు గంటసేపు పెట్టుకుంటున్న. సాంచాల మోత జర తగ్గింది. నిన్న గుడి గంట ఇనవడ్డట్టే అయింది, నిజమో కాదో తెల్వది. పెండ్లి నాటికి ఏం మారదు, ఆశ పెట్టుకోకు.

సారె గరిజెలు నూటొక్కటి కార్గోల వేసినం. ముక్కు విరగ్గొట్టనీకె గిందుల ఏ ముక్కు లేదు. వత్తింది ఐలవ్వ, అంచులు మలిచింది నేను. నలభై ఏండ్లు బట్టకు అంచు తీసిన చేతులు, నవ్వకుండ సూడు, అవ్వ మలిచినట్టే వచ్చినయ్. బిడ్డకు చెప్పు, వాళ్ల మామ పొయ్యి కాడ కూసున్నడంటె నమ్మది.

డబ్బా ఇప్పంగనే నువ్వు మోదకం ఏడున్నదని దేవులాడుతవ్. నూటొక్క గరిజెలు తీసి అడుగు దాక సూస్తవ్. దొరకది. వియ్యపురాలు సూసి, గిదేంది, చెల్లెండ్లను ఒంటిగ పంపిండ్రు అంటది. అననీ.

అది నేను మలచలే, డబ్బల పెట్టలే. అది గురువారం పొద్దుగాల కరీంనగర్ల ఆదిలాబాద్ బస్సెక్కుతది. సంకల నోటుబుక్కు ఉంటది. బిడ్డ చెయ్యి పట్టుకొని మండపం దాక నడుస్తది.

బస్టాండుకు బావను తోలు. పేరు పెట్టి పిలిస్తె ఇనవడది, చెయ్యి ఊపుమను.

నీ అన్న